పసుపంటిన చేతిరాత

గత వారం తబితను మనం గోదావరి వంతెన మీద, కొవ్వూరు బస్సులో, ఒడిలో చేతిసంచితో విడిచిపెట్టాము. ఆమె భర్త అనిల్ కుమార్ కాకినాడకు ఎదురుగా సముద్రంలో మునిగిన ఒక టగ్గు బోటును పరిశీలించడానికి దిగి, విజయదశమి నాడు నీటిలోనే మరణించి పన్నెండు రోజులైంది. 'మృతుడు అజాగ్రత్త వల్ల మరొకరి సిలిండరును తనదిగా భావించి తగిలించుకున్నాడు' అని డైవింగ్ సూపర్‌వైజరు మణిశంకర్ నివేదిక ఇచ్చాడు. సోమవారం విచారణ సంఘం ఆ వాక్యాన్ని ఆమోదించబోతోంది. అప్పుడు అనిల్ కుమార్ చనిపోయినవాడు మాత్రమే కాక, తెలివితక్కువగా చనిపోయినవాడు కూడా అవుతాడు. మొదటిదానిని తబిత దైవచిత్తమని తల వంచి స్వీకరించింది. రెండవది మనుషులు రాసినది. శుక్రవారం ఉదయం పది కావస్తుండగా ఆమె కొవ్వూరులోని మణిశంకర్ ఇంటి గేటు తీసింది.

మణిశంకర్ వరండాలో కూర్చుని ఇంగ్లీషు దినపత్రిక చదువుతున్నాడు. ఇరవై ఆరేళ్ళు నౌకాదళంలో పనిచేసిన మనిషి. ఇంట్లో ఉన్నా ఇస్త్రీ చొక్కా విప్పడు. విచారణ ముగిసేవరకు విధులకు రావద్దని కంపెనీ చెప్పినా, ఎనిమిది గంటలకల్లా బూట్లు తొడుక్కుని కూర్చోవడం మానలేదు. తబితను చూసి లేచి నిలబడ్డాడు. స్త్రీ వస్తే లేచి నిలబడటం ఆయనకు చిన్ననాడే నేర్పారు.

"రండమ్మా. ఫోను చేసి రావలసింది."

"చేస్తే మీరు ఇంట్లో ఉండేవారు కాదేమోనండి."

ఆయన ముఖం కొంచెం బిగిసింది. కుర్చీ చూపించాడు. లోపలినుంచి ఆయన భార్య వెంకటరత్నమ్మ గొంతు వినిపించింది.

"ఎవరండీ వచ్చిందీ?"

"అనిల్ గారి భార్య."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"నివేదిక ప్రతి మీకు అందిందనుకుంటాను," అన్నాడు మణిశంకర్. "అందులో ద్వేషం లేదమ్మా. అనిల్ నా మనుషులలో ఉత్తముడు. కాని నీటి కింద నిబంధనే నిబంధన. అక్కడ మంచివాడికి మినహాయింపు ఉండదు."

ఆయన తల వెనుక గోడమీద ఆ నిబంధనలు అద్దం కట్టి వ్రేలాడుతున్నాయి. ఆయన స్వయంగా రచించినవే. వాటి అవసరమేమిటో పాఠకులకు ఒకసారి గుర్తు చేయాలి. యాభై మీటర్ల లోతున పీల్చే గాలిలోని నైట్రోజన్, అక్కడి ఒత్తిడికి మనిషి రక్తంలో కరిగిపోతుంది. ఒక్కసారిగా పైకి వస్తే, గోళీ నొక్కిన సోడాలో వలె బుడగలై పొంగుతుంది. అందుచేత డైవరు మజిలీ మజిలీకి ఆగి దానిని వదిలించుకుంటూ రావాలి. ఆగే కాలం తగ్గడానికి ఆక్సిజన్ హెచ్చుగా ఉన్న సిలిండర్లు రెండు వెంట తీసుకువెళతాడు. ఇరవై ఒక్క మీటర్ల దగ్గర సగం ఆక్సిజన్ కలిపినది పీల్చాలి. చివరి ఆరు మీటర్ల దగ్గర శుద్ధమైన ఆక్సిజన్. ఈ రెండూ తారుమారు కాకూడదు. ఆరు మీటర్ల దగ్గర ఒంటిని కడిగి శుభ్రం చేసే ఆక్సిజనే, ఇరవై ఒక్క మీటర్ల ఒత్తిడిలో మెదడును పట్టి కుదిపివేస్తుంది. మూర్ఛ వస్తుంది, నోటిలోని గొట్టం జారిపోతుంది. ఆ పైన చెప్పవలసినది లేదు.

రెండు సిలిండర్లూ చూపులకు ఒక్కటే. గాలికి రంగు లేదు, వాసన లేదు. కనుక ప్రతి డైవరు తన సిలిండరును ఆక్సిజన్ మీటరుతో తానే పరీక్షించి, ఎంత ఆక్సిజన్ ఉన్నదో, ఎంత లోతు దాటి వాడరాదో ఒక తెల్లని పట్టీ మీద తన చేతితో రాసి, పొడి అక్షరాలు వేసి, తానే అంటించాలి. మూడవ నిబంధన అది. 'ఒకరి పట్టీని మరొకరు తాకరాదు' అనేది నాలుగవది.

"నిబంధనలు చదివానండి," అంది తబిత. "నేను పదకొండేళ్ళుగా ఆపరేషన్ థియేటరులో నర్సునండి. సిలిండరు చూడకుండా మాస్కు పెట్టను. ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇంట్లో గ్యాస్ బండ వచ్చినా తడిగుడ్డతో తుడిచి నంబరు చూసేవారు. మా అత్తగారు నవ్వేవారు, ఇదేం చాదస్తంరా అని."

"ఎంతటివాడైనా ఒక్కసారి ఏమరుపాటు..."

"ఒక్కటి చూపించి వెళ్ళిపోతానండి."

ఆమె చేతిసంచిలోనుంచి దూది చుట్టిన పొట్లం తీసింది. లోపల రెండు గాజు పలకలు ఉన్నాయి, రక్తపరీక్షకు వాడేవి. వాటి నడుమ వేలెడు పొడవున్న తెల్లని పట్టీ ఒకటి ఉంది. 50. 21 మీటర్లు. ఎ.కె. అక్షరాలు నిటారుగా, తొందర లేకుండా ఉన్నాయి.

"ఆయనను నేనే కడిగానండి. వేరేవాళ్ళ చేత చేయించలేదు. రబ్బరు సూటు కోసి తీస్తుంటే ఎడమ మోచేతి మడతలో అంటుకుని ఉంది."

మణిశంకర్ కళ్ళద్దాలు సవరించుకుని చూశాడు. ఆయన కనుబొమలు తేలికపడ్డాయి. పన్నెండు రోజులలో తొలిసారిగా ఆయన నివేదికకు ఒక సాక్ష్యం దొరికింది.

"ఇది అతని సిలిండరు పట్టీయే. ఊడిపోయింది. పట్టీ లేని సిలిండర్లలో తనది ఏదో పోల్చుకోలేక, వేరొకరిది తీసుకున్నాడు. నేను రాసినదీ అదే కదమ్మా."

"తిప్పి చూడండి సార్."

ఆయన తిప్పాడు. జిగురు ఉన్న వైపు పట్టీ పొడవునా పసుపుపచ్చగా ఉంది. ఒక మూల కుంకుమ ఎర్రగా మెరిసింది.

"పసుపు పట్టీ మీద ఉంటే పూజలో పడిందనుకుందును," అంది తబిత. "కింద ఉంది సార్. అంటే సిలిండరుకు పసుపు పూసిన తరువాత ఎవరో దీనిని అంటించారు. అందుకే సరిగా పట్టక నీళ్ళలో ఊడింది. ఆయన ఎడమచేతి పక్కన వేలాడిన సిలిండరు మీదినుంచి ఊడి, ఆ చేతికే అంటుకుంది."

"అతనే అంటించుకుని ఉంటాడు."

"నవమి నాడు, మీరు ఆయుధపూజ చేసుకున్న రోజున, ఆయన రాజమండ్రిలో ఉన్నారండి. మా మామగారి సంస్మరణ కూటం. చర్చిలో నూటయాభైమంది చూశారు. పరీక్ష చేసి పట్టీలు అంటించింది అంతకు ముందురోజు. దశమి నాడు ఆయన బస్సు దిగేసరికి అన్ని సిలిండర్లూ పడవ ఎక్కి ఉన్నాయట."

మణిశంకర్ గాజు పలకలను బల్లమీద పెట్టాడు. కొంచెం దూరంగా జరిపాడు.

"మీ రిపోర్టులో ఆ సిలిండరు నంబరు 231 అని ఉంది," అని ఆమె కొనసాగించింది. "ఆయన నోటుబుక్కులో 231 లేదు. అది ఆయనది కాదు, మీరు రాసింది నిజమే. కాని దానిమీద ఆయన చేతిరాత ఉంది. తన చేతిరాత చూసి తనదనుకున్నారు. అందులో అజాగ్రత్త ఎక్కడుందండీ?"

"నంబరు చూడవలసింది."

"నంబరు సిలిండరు మెడ కింద గుంటలుగా కొట్టి ఉంటుంది కదండీ. సరిగ్గా అక్కడే పసుపు మెత్తి బొట్టు పెట్టారట. మనిషైతే నుదురు ఉండే చోటు."

"అయినా మళ్ళీ పరీక్షించుకోవడం అతని బాధ్యత."

"మీటరు అడిగారటండి."

గోదావరి మీద గూడ్సు బండి ఒకటి వంతెన ఎక్కింది. మాట్లాడకుండా ఉండటానికి సాకు దొరికినందుకు మణిశంకర్ ఆ బండికి కృతజ్ఞుడైనట్టు కనిపించాడు.

"ఎవరు చెప్పారు?"

"ఆ రోజు ఆయన నడుముకు కట్టిన తాడును పడవ మీద పట్టుకున్న డైవరే. బుజ్జిబాబు. సమాధి దగ్గర నా కాళ్ళ మీద పడి చెప్పాడు. మీటరు ఇవ్వండి సార్, రెండు నిమిషాలు, అని మా ఆయన అడిగితే, ముహూర్తం దాటిపోతోంది, నీ చేతిరాతను నువ్వే నమ్మవా అన్నారట మీరు. అందరూ నవ్వారట. ఆయనా నవ్వి దిగారట."

ఆ మాట మణిశంకర్ అన్నాడు. హాస్యంగానే అన్నాడు. ఇరవై ఒక్క మీటర్ల దగ్గర తాడు రెండుసార్లు లాగి, 'ఆగాను, గాలి మారుస్తున్నాను' అని అనిల్ కుమార్ తెలిపినప్పుడు కూడా ఆయన నవ్వుతూనే ఉన్నాడు. మూడు నిమిషాలకు తాడు వదులైపోయింది.

"బుజ్జిబాబు నా భార్యకు మేనల్లుడు," అన్నాడు చివరకు. "వాడికి ఆ ఉద్యోగం వేయించింది నేను. వాడు విచారణలో ఈ మాట చెప్పలేదు."

"అందుకే చెప్పలేదండి."

వెంకటరత్నమ్మ కాఫీ తెచ్చింది. తబిత ముందు గ్లాసు పెట్టి, ఆమె భుజం మీద చెయ్యి వేసింది. అరవైకి దగ్గరైన మనిషి. ప్రతి దసరాకు కాకినాడ వెళ్ళి, కంపెనీ షెడ్డులో ఆయుధపూజ ఆవిడే చేస్తుంది. డైవర్లందరికీ పులిహోర కూడా ఆవిడదే.

"తాగమ్మా. చల్లారిపోతుంది." ఆవిడ చూపు గాజు పలకల మీద పడింది. "ఇదేంటీ, ఆ పళ్ళెంలో కాగితమా?"

"రత్నం, నువ్వు లోపలికి వెళ్ళు."

"ఏ పళ్ళెం అమ్మగారూ?" అంది తబిత.

"ఇత్తడి పళ్ళెమమ్మా. సిలిండర్లు కడిగితే కాగితాలు తడిసి పాడైపోతాయని నేనే మెల్లిగా ఊడదీశాను. ఎనిమిదీనూ. మనిషికి రెండేసి చొప్పున వరసగా నిలబెట్టి ఉన్నాయి కదా, సగానిది ముందు, ఆక్సిజన్‌ది తరువాత, అలాగే వరస తప్పకుండా పళ్ళెంలో పేర్చాను. నేను చదువుకోకపోయినా అంత తెలుసమ్మా, ఏది దేనిదో..." ఆవిడ ఆగింది. ఎదుటి ముఖంలో ఏమి కనిపించిందో, చేతిలోని ట్రే దింపింది. "ఏమ్మా? తప్పా?"

"తిరిగి అంటించింది కూడా మీరేనా అండీ?"

వెంకటరత్నమ్మ భర్త వైపు చూడలేదు. కొంగుతో బల్లమీద లేని కాఫీ మరకను తుడవసాగింది. ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో ఆయన పరువు కాపాడటానికి ఆవిడ ఇలాంటి మరకలు చాలా తుడిచింది.

"నేను వరుసగానే అంటించాను," అన్నాడు మణిశంకర్.

ఆ మాట తన నోటినుంచే వచ్చిందని గ్రహించడానికి ఆయనకు కొంత సమయం పట్టింది.

నాలుగవ నిబంధన ఆయన తల వెనుకనే, అద్దం లోపల, చెక్కుచెదరకుండా ఉంది. ఆ రోజు ఆయన పట్టుపంచె కట్టి ఉన్నాడు. తెల్లవారితే పని మొదలుపెట్టాలని కంపెనీవారు తొందర చేస్తున్నారు. డైవర్లు ఎవరూ అప్పటికి రాలేదు. ఎనిమిది కాగితం ముక్కలు అంటించడానికి సూపర్‌వైజరు చాలడా అనుకున్నాడు. అలా అనుకునే మనుషుల కోసమే నాలుగవ నిబంధన రాశాడన్న సంగతి ఆయనకు అప్పుడు స్ఫురించలేదు.

"ఎడమనుంచి కుడికి, పళ్ళెంలో ఉన్న వరుసలోనే," అన్నాడు మళ్ళీ, కోర్టులో వలె. "ఒక్కటి కూడా తప్పలేదు."

"హారతికి చోటు చాల్లేదండీ," అంది వెంకటరత్నమ్మ చాలా మెల్లగా.

"ఏమిటి?"

"హారతి పళ్ళేనికి చోటు చాలక, ఆ ఇత్తడి పళ్ళెం తీసి అమ్మవారి అవతలి పక్కన పెట్టాను. తీసి... తిప్పి పెట్టానండీ. మొదలు చివరికి పోయింది. మీరు అంటిస్తారని నాకేం తెలుసు? డైవరు కుర్రాళ్ళొచ్చి ఎవరిది వాళ్ళు తీసుకుంటారనుకున్నాను."

తబిత లెక్క వేసింది. ఎనిమిది సిలిండర్లు, ఎనిమిది పట్టీలు. సగానిది, ఆక్సిజన్‌ది, సగానిది, ఆక్సిజన్‌ది. వరుసను తిరగేస్తే మొదటిదాని పట్టీ ఎనిమిదవదానికి పోతుంది, రెండవదానిది ఏడవదానికి. పొరపాటు ఒక సిలిండరుతో ఆగదు. సగం అని రాసిన ప్రతి పట్టీ ఆక్సిజన్ సిలిండరు మీదికే చేరుతుంది.

"ఎనిమిదీ తప్పే," అంది.

వెంకటరత్నమ్మ గోడ పట్టుకుని కూర్చుంది. "నా చేతులతో చేశానా తల్లీ. పసుపు పూసిన చేతులతో..."

"మీరు పూజ చేశారండి. పూజలో తప్పేముంది," అంది తబిత. ఆమె గొంతులో దయ లేదు, కోపమూ లేదు. "అడిగినవాడికి మీటరు ఇవ్వకపోవడం పూజలో భాగం కాదు కదా." తరువాత మణిశంకర్ వైపు తిరిగింది. "మీకు ఎప్పుడు తెలిసింది సార్?"

"నాకు తెలియదు."

"231 అని నంబరు రాసేటప్పుడైనా అనుమానం రాలేదా?"

వచ్చింది. పడవమీదే, ఆ సిలిండరు తుడిచి నంబరు చదివి, అందులో ఉన్నది ఆక్సిజన్ అని మీటరు చూపినప్పుడే వచ్చింది. ఇంటికి వచ్చి, పళ్ళెం సంగతి భార్యను ఒక్క ప్రశ్న అడిగితే సరిపోయేది. పన్నెండు రోజులుగా ఆయన ఆ ప్రశ్న అడగలేదు. అడగనంతకాలం తాను అబద్ధం రాసినవాడు కాడు. ఇంగ్లీషు చదువు నేర్పిన నిజాయితీలో అటువంటి సందులు కొన్ని ఉన్నాయి.

"మిగతా ఆరూ సరిగ్గానే ఉన్నాయని రాశారు. పరీక్షించారా?"

"సంతకం చేశాను."

"అడిగింది సంతకం కాదండి."

"మీటరును విచారణవారు సీలు చేసి పట్టుకుపోయారు," అన్నాడు. తల వంచుకున్నాడు.

అప్పుడు వెంకటరత్నమ్మ గోడనుంచి చెయ్యి తీసింది.

"ఏమండీ, ఇవాళ బుజ్జి దిగుతున్నాడన్నారు కదూ? తుపాను వచ్చేలోగా పని ముగించాలని. మీ రిపోర్టు చూసి పర్మిషను ఇచ్చారన్నారు. ఎన్నింటికండీ?"

"పదకొండు గంటలకు."

గడియారం పదీ ఇరవై తొమ్మిది చూపుతోంది. మణిశంకర్ ఫోను దగ్గరకు నడిచాడు. పరుగెత్తలేదు. నంబరు తిప్పుతుంటే వేలు ఒకసారి తప్పింది, మళ్ళీ మొదటినుంచి తిప్పాడు. కాకినాడ ఆఫీసులో, పడవతో మాట్లాడే వైర్‌లెస్ దగ్గర ఉండే అప్పారావు ఎత్తాడు. పెద్ద గొంతు. వరండా వరకు వినిపించింది.

"అప్పారావ్, మణిశంకర్‌ను. బుజ్జిబాబును దించవద్దు."

"ఎప్పుడో దిగాడండి సార్! శుక్రవారం కదండీ, పదిన్నరకి రాహుకాలం వచ్చేస్తుందని పదీ పదిహేనుకే దించేశారు. మీరు పెట్టిన అలవాటే కదండీ!"

పద్నాలుగు నిమిషాలైంది. అడుగున ఉండేది ఇరవై. మణిశంకర్ గొంతు ఒక్కసారిగా పాత నౌకాదళపు గొంతు అయింది.

"విను. అతని దగ్గర ఉన్న రెండు సిలిండర్లూ వాడకూడదు. మామూలు గాలి సిలిండరు తాడుకు కట్టి ఇరవై ఒక్క మీటర్లకు దించమను. పలక మీద రాసి దానికి కట్టమను. గాలి మీదే రెండింతల సేపు ఆగి పైకి వస్తాడు. ఇప్పుడే చెప్పు."

అవతల వైర్‌లెస్ గరగరలాడింది. ఎవరో అడుగుతున్నారు, అప్పారావు సర్దిచెబుతున్నాడు. మళ్ళీ ఫోనులోకి వచ్చాడు.

"సార్, పడవ మీద టగ్గు వాళ్ళ మనిషి ఉన్నాడండి. కారణం లేకుండా పని ఆపితే ఒప్పుకోనంటున్నాడు. లాగుబుక్కులో కారణం రాయాలటండి."

"ముందుజాగ్రత్త అని రాయి."

"మీ రిపోర్టు ఇక్కడ బోర్డుకే ఉంది కదండీ సార్. మిగతా సిలిండర్లు సరిగ్గా ఉన్నాయని మీ సంతకం. ఇప్పుడు మీరే వద్దంటున్నారు. ఏది నిజమని రాయమంటారు?"

మణిశంకర్ కిటికీలోంచి చూశాడు. అవతల రాజమండ్రి ఒడ్డు ఎండలో తెల్లగా ఉంది. ఆ ఒడ్డునుంచి వచ్చిన మనిషి తన వెనుక కూర్చుని, ఒక్క మాట కూడా తొందరపెట్టకుండా, గడియారం చూస్తోంది. ఒక ఆపరేషన్‌లో డాక్టరు చేతికోసం ఎదురుచూసినట్టు. వెంకటరత్నమ్మ ఫోను లాక్కోవడానికి లేవబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"సార్? ఉన్నారా?"

నిమిషం గడిచింది. ఎవరి నిమిషమో ఆయనకు తెలుసు.

"రాసుకో," అన్నాడు. "పట్టీలు ఎనిమిదీ తారుమారయ్యాయి. అంటించింది డైవర్లు కాదు. నేను. మణిశంకర్. పరీక్ష చేయకుండానే సరిగ్గా ఉన్నాయని రాసింది కూడా నేనే. అనిల్ కుమార్ పొరపాటు ఏమీ లేదు. రాశావా?"

తబిత కళ్ళు మూసుకుంది. తాను గేటు తీసి లోపలికి వచ్చినది ఈ వాక్యం కోసమే. అది దొరికింది. కాని దానిని చేతిలోకి తీసుకునే వ్యవధి ఆమెకు దక్కలేదు.

"పడవకి చెప్పేశానండి," అన్నాడు అప్పారావు. గొంతు చిన్నదైంది. "సిలిండరు కడుతున్నారు. కానీ సార్... కింద వరద మట్టికి ఏమీ కనబడలేదో ఏమో, బుజ్జి ముందే పైకి బయల్దేరిపోయాడటండి."

"ఎక్కడున్నాడు?"

"ఇప్పుడే తాడు రెండుసార్లు లాగాడు."

కొవ్వూరులో ముగ్గురూ ఒకేసారి గడియారం వైపు చూశారు. అనిల్ కుమార్ తాడు వదులు కావడానికి మూడు నిమిషాలు పట్టింది.